ఈ కండె అయిపోనీ

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో పాత చీరలతో దిండు గలీబులు, చేతిసంచులు, పసిపిల్లల బొంతలు ఎట్లా కుట్టుకోవాలో వేశారు. బొమ్మలు బాగున్నాయి. కొలతలు కూడా ఒక్కచోట తప్ప సరిగానే ఉన్నాయి. (గలీబుకు కుట్టు మడత వదల్లేదు. 17 అంగుళాల దిండుకు 17 అంగుళాల గుడ్డే కత్తిరిస్తే, ఆ దిండు ఎక్కించేటప్పుడు తెలుస్తుంది సంగతి.) నేను ఉత్తరం రాసేది అందుకు కాదు. వ్యాసం నెత్తిన పెద్దక్షరాల్లో 'ఖాళీ సమయాన్ని ఇలా సద్వినియోగం చేసుకోండి' అని పెట్టారు. పొద్దున కాఫీ తాగుతూ ఆ మాట చదివాను. మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే మళ్ళీ గుర్తొచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక మా అమ్మాయి నోటుపుస్తకంలోంచి నాలుగు కాగితాలు చించుకుని కూర్చున్నాను.

మాది ఒంగోలు. మా ఆయన చీమకుర్తిలో గ్రానైటు క్వారీ ఆఫీసులో లెక్కలు రాస్తారు. ఏడు గంటల బస్సుకు బయల్దేరతారు కాబట్టి ఆరున్నరకల్లా క్యారేజీ కట్టాలి. అమ్మాయి ఇంటరు, అబ్బాయి ఎనిమిదో తరగతి. అత్తయ్యకు 74 ఏళ్ళు, బీపీ మాత్రలు, మోకాళ్ళ నొప్పులు. మా వీధికి కుళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు ఇక వేరే పనేదీ ఉండదు, ఉన్న బిందెలూ డ్రమ్ములూ నిండేదాకా అదే పని. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లో నేను కుట్టుకుంటాను. 2006లో కొన్న కాలి మిషను నాది. తర్వాత మోటారు పెట్టించాను గానీ కాలిపట్టా తీసేయనివ్వలేదు. వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు దాని విలువ తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళకు జాకెట్లు, లంగాలు, గలీబులు, స్కూలు బట్టలకు సర్దుళ్ళు. వీధిలోవాళ్ళకు ఫాల్, పీకో, నెలకు ఎనిమిదో పదో లైనింగు జాకెట్లు. పెద్ద వ్యాపారమేమీ కాదు. అట్లాగని ఊసుపోక చేసే పనీ కాదు.

నా పుట్టిల్లు వేటపాలెం. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, 2022 దాకా మా ప్రకాశం జిల్లాలోదే. మా నాన్న మగ్గం నేసేవాడు, గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేది. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో నేను విన్న మాట ఒకటుంది. అమ్మ అన్నానికి పిలిచినా, వాకిట్లోకి ఎవరన్నా వచ్చినా, చివరికి మాలో ఎవరు కిందపడి ఏడ్చినా, నాన్న గుంటలోంచి "ఈ కండె అయిపోనీ" అనేవాడు. నాడె అంటే పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తేది, కండె అంటే అందులో పెట్టే నూలు చుట్టిన పుల్ల. ఆ కండె మీది నూలు అయిపోయాకే లేచేవాడు. మధ్యలో లేస్తే చేతి వాటం మారుతుందని, మళ్ళీ కూర్చుని పోగు బిగించడానికి వేసిన దెబ్బ అంతకుముందు దెబ్బతో కలవదని, గుడ్డ మీద అడ్డంగా గీత తేలుతుందని చెప్పేవాడు. ఆ గీత షావుకారు కంట పడితే కూలిలో కోతే. అందుకని ఇల్లంతా ఆ కండె కోసం ఆగేది. ఎవరికీ అది తప్పనిపించలేదు.

కానీ ఆ కండెలు చుట్టేది ఎవరు? అమ్మ. రాట్నం దగ్గర కూర్చుని పొయ్యి మీద ఓ కన్ను, మా మీద ఓ కన్ను వేసుకుని చుట్టేది. పాలు పొంగితే లేచేది, మేం ఏడిస్తే లేచేది, నాన్న మంచినీళ్ళడిగితే లేచేది. రాట్నం ఎప్పుడాపినా నూలుకు నష్టం లేదు గదా, అందుకని అమ్మ ఎన్నిసార్లు లేచినా ఎవరికీ పట్టింపు లేదు. ఆపడానికి వీల్లేని పని నాన్నకు, ఎప్పుడైనా ఆపగలిగే పని అమ్మకు ఎట్లా పంచుకున్నారో నాకు తెలీదు. బహుశా ఎవరూ పంచి ఉండరు, అదే అట్లా సర్దుకుని ఉంటుంది. నేను మిషను ముందు కూర్చున్నాకగానీ నాకది కనపడలేదు. ఎందుకంటే నేను చేసేది నాన్న పని లాంటిది. ఇంట్లోవాళ్ళు చూసేది మాత్రం అమ్మ రాట్నంలాగా.

మీకు ఒక జాకెట్టు సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కింద మా ఆడపడుచు కూతురి పెళ్ళికి మా అమ్మాయికి లంగా ఓణీ కుట్టాలనుకున్నాను. గుడ్డ కోసం చీరాల వెళ్ళాను. ఒంగోల్లో బట్టల కొట్లు లేక కాదు, చీరాల వెళితే పుట్టింటిమీదుగా పోయినట్టుంటుంది, అదో సాకు. ప్యాసింజరు ఎక్కి కరవది, అమ్మనబ్రోలు, ఉప్పుగుండూరు, చిన్నగంజాం, కడవకుదురు అనుకుంటూ వేటపాలెం స్టేషనులో కిటికీలోంచి తొంగిచూసి, చీరాలలో దిగాను. పది కొట్లు తిరిగి, చిలకపచ్చ మీద చిన్న జరీ బుటా ఉన్న ముక్క తీసుకున్నాను. ఆ బుటా గుడ్డకు వెనకవైపు దారాలు తేలి ఉంటాయి, తిరగేసి వాడుకోవడానికి వీల్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లే వచ్చింది. పిల్ల మోచేతుల దాకా చేతులు కావాలంది. ముందు భాగాలు, వెనక భాగం, క్రాసు పట్టీలు కత్తిరించాక మిగిలిన గుడ్డలో రెండు చేతులూ ఒకేసారి మడతలో రాలేదు. ఒక్కొక్కటే విడిగా కత్తిరించాలి. చేతికి ముందువైపు చంక కాస్త లోతుగా తవ్వుతాం, వెనకవైపు తక్కువ. గుడ్డ మడతలో కత్తిరిస్తే కుడిదీ ఎడమదీ వాటంతటవే జతగా వస్తాయి. విడిగా కత్తిరించేటప్పుడు రెండోసారి కాగితం అచ్చును తిరగేసి పెట్టుకోవాలి. మిషను ముందు ఒక నెల కూర్చున్న పిల్లకు కూడా తెలిసిన సంగతే ఇది.

మొదటి చెయ్యి కత్తిరించాను. కుక్కరు రెండో ఈల వేసింది. మావాడు వచ్చి ఛార్జరు ఏదన్నాడు. చెప్పాను. అత్తయ్య లోపలినుంచి "అమ్మాయ్, ఆ ఫ్యానేదో వెయ్యవే, ఉడికిపోతన్నా" అంది. గుడ్డ ఎగురుతుందని కత్తిరించేటప్పుడు ఫ్యాను ఆపుతాను, ఇల్లంతటికీ నామీద కోపం అందుకే. "ఒక్క నిమిషం అత్తయ్యా" అన్నాను. మూడో ఈల. లేచి స్టవ్వు కట్టేసి వచ్చాను. ఎదురింటావిడ గేటు దగ్గరే నిలబడి, "ఏందక్కా, మా జాకెట్టు ఎప్పటికిస్తన్నావ్?" అంది. రేపన్నాను. వచ్చి కూర్చుని అచ్చు ఎట్లా ఉందో అట్లానే పెట్టి రెండో చెయ్యి కత్తిరించాను.

రెండూ ఎడమ చేతులే.

కత్తెర కింద పెట్టి ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. ఫ్యాను మాత్రం వేశాను. గుడ్డ ముక్కలు గదంతా ఎగిరాయి.

మర్నాడు మళ్ళీ చీరాల పోయాను. ఆ కొట్లో అదే బుటా ఉంది గానీ పచ్చ వేరే ఉంది. ఎండలో పెట్టి చూస్తే చిలకపచ్చకూ ఆకుపచ్చకూ మధ్య ఇంకేదో రంగు. చివరికి రెండో చేతిని అంగుళంన్నర కిందకు జరిపి, చంక మళ్ళీ సరిచేసి కత్తిరించాను. మొదటి దాన్నీ దానికి సరిపడా పొట్టి చేసి, లంగా అంచులోంచి మిగిలిన ముక్కను చేతుల చివర పట్టీగా వేశాను. పెళ్ళిలో నలుగురు అడిగారు, ఎక్కడ చూసి కుట్టావు ఈ మోడలు అని. నవ్వి ఊరుకున్నాను.

ఆ రోజు నాకు ఖాళీ సమయం లేకపోవడం వల్ల తప్పు జరగలేదు. కావలసినంత ఉంది. పొద్దున పదింటినుంచి పిల్లలొచ్చేదాకా చూసుకుంటే గంటలున్నాయి. ముక్కలుగా ఉన్నాయి, అంతే. మొన్నామధ్య కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే లెక్కలు పత్రికల్లో వచ్చాయి. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు ఆ పనులకు పెడుతున్నారని. మా ఆయన అది చదివి, "289 అంటే అయిదు గంటలే గదా, రోజుకు ఇరవైనాలుగు ఉన్నాయే" అన్నారు. లెక్కలు రాసే మనిషి గదా. ఆ 289 ఒక దిండులాగా ఒకచోట ఉంటే నాకూ ఇబ్బంది లేదు. ఇక్కడ ఏడు నిమిషాలు, అక్కడ పన్నెండు, పాలప్యాకెట్టుకు రెండు, సిలిండరు అబ్బాయికి నాలుగు. రోజంతా పరిచి ఉంటాయి, చాప మీద ఆరబోసిన వడియాల్లాగా. వడియాల మధ్య కాలు పెట్టే చోట్లు ఉంటాయి. ఆ చోట్లనే మీరు ఖాళీ సమయం అన్నారు.

మా నాన్న వేటపాలెం సారస్వత నికేతనానికి పోయి పేపర్లూ పుస్తకాలూ చదివేవాడు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. అక్కడ చదివొచ్చి చెప్పిన కబుర్లలో ఒకటి గాంధీగారిది. యంత్రాలతో ఆయనకు అంత సయోధ్య లేదు గదా. 1924లో రామచంద్రన్ అనే కుర్రాడు మీరు అన్ని యంత్రాలకూ వ్యతిరేకమా అని అడిగితే, సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించారట. భార్య చేత్తో కుట్టి కుట్టి అలసిపోవడం చూడలేక ఆ సింగరు ప్రేమతో దాన్ని కనిపెట్టాడని చెప్పారట. సింగర్ దొర కాపురం కథ వేరేగా ఉందని నేను తర్వాత చదివాను, అది ఇక్కడ వద్దు. కానీ చెయ్యి నొప్పి పోవడానికి మిషను వచ్చింది, నిజమే. 1851లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఇన్నేళ్ళకు కూడా ఆ మిషను ముందు కూర్చున్న మనిషిని అరగంట లేపకుండా ఉండే ఉపాయం ఎవరూ పేటెంటు తీసుకోలేదు.

మా వీధి చివర ఒకావిడ పీఎం విశ్వకర్మ పథకంలో పేరు రాయించుకుంది. 2023 సెప్టెంబరులో మొదలైన ఆ పథకంలో దర్జీ పనివాళ్ళు కూడా ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 దాకా ఇస్తారు. శిక్షణ ఎట్లా ఉందని అడిగాను. కటింగుల గురించి చెప్తుందేమో అనుకున్నా. "వదినా, ఆ వారం రోజులు నన్ను ఎవరూ పిలవలేదు" అంది. ముఖంలో వెలుగు చూడాలి అప్పుడు. ఆవిడకు నలుగురు పిల్లలు.

ఇంట్లోవాళ్ళనే అంటున్నానని మీరనుకోవచ్చు. నా వంతూ ఉంది. కుట్టులో పడితే నాకు లోకం పట్టదు. ఈ చెయ్యి ఎక్కించి లేద్దాం, ఈ పైపింగు అయ్యాక లేద్దాం అనుకుంటూ పాలు ఎన్నిసార్లు పొంగించానో లెక్క లేదు. శ్రావణమాసంలో వరలక్ష్మీవ్రతం ముందు నాలుగు రోజులు వీధిలో పన్నెండు జాకెట్లు ఒప్పుకుని, అత్తయ్యకు రాత్రి మాత్ర ఇవ్వడం రెండు పూటలు మర్చిపోయాను. ఆవిడ కూడా చెప్పలేదు, నేను హడావిడిలో ఉన్నానని. మూడోరోజు కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. ఆ వ్రతం రోజు నేను అమ్మవారి ముందు ఏం కోరుకున్నానో మీకు చెప్పక్కర్లేదు. ఇంకోసారి మావాడి స్కూలు చొక్కాకు మూడు వారాలు గుండీ లేదు, పిన్నీసు పెట్టుకుని పోయాడు. వాళ్ళ టీచరు, "మీ అమ్మ కుడుతుంది గదరా" అందట. వాడు వచ్చి ఆ మాట ఎంత మామూలుగా చెప్పాడో అంత గుచ్చుకుంది. బయటివాళ్ళ జాకెట్టుకు 300 ఇస్తారు, గుండీకి ఎవరిస్తారు అని లోపల ఎక్కడో లెక్క వేసుకుని ఉంటాను.

రెండు చేతుల గొడవ తర్వాత మా ఇంట్లో కొంత మారింది. మార్చింది అత్తయ్య. నేను చిన్నబోయి కూర్చుంటే పక్కన చేరి, ఆ రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "రెండూ ఒకపక్కవే గదే" అంది. ఆవిడ మిషను తొక్కదు, కానీ జీవితమంతా బొంతలు కుట్టిన చెయ్యి. మర్నాటినుంచి కుక్కరు పెట్టాక స్టూలు వేసుకుని వంటింటి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. "ఈలలు నేను లెక్కెడతా. నువ్వు ఎందాకా?" అంటుంది. ఎంతసేపు అని కాదు, ఎందాకా అని. నేను "ఈ భుజాలు కలిపిందాకా" అంటాను, లేకపోతే "చంక చుట్టూ వచ్చిందాకా" అంటాను. ఆవిడకు ఆ భాగాలన్నీ ఇప్పుడు కంఠతా వచ్చేశాయి. ఎవరన్నా గేటు దగ్గర పిలిస్తే, "చేతులెక్కిస్తా ఉండాది, కాసేపాగి రా" అని పంపేస్తుంది. అవతలివాళ్ళు నిజంగానే ఆగుతున్నారు. నేను రెండు నిమిషాలు అంటే ఆగనివాళ్ళు చేతులెక్కిస్తోంది అంటే ఎందుకు ఆగుతారో నాకు తమాషాగా ఉంటుంది. పిల్లలు కూడా అడుగుతున్నారు, "అమ్మా, ఆగే చోటుకొచ్చావా?" అని.

మా ఆయన చేసింది ఇంకో రకం. మిషను మొదట నడవలో ఉండేది, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అందరూ తగులుతూ. ఎవరన్నా చుట్టాలొస్తే మూలకు సర్దాల్సి వచ్చేది. తీసి పెట్టడానికే పావుగంట పోయేది, ఇక కుట్టేదెప్పుడు? ముందుగదిలో కిటికీ పక్క బీరువా జరిపి చోటు చేశారు. చీమకుర్తినుంచి నల్ల గెలాక్సీ రాయి తునక ఒకటి తెచ్చి దాని పక్కన బల్లలాగా దిమ్మెల మీద పెట్టించారు. నల్లటి రాయిలో చుక్కలు మెరుస్తుంటే చూడ్డానికి రాజభోగంగా ఉంటుంది. పట్టుగుడ్డ వేస్తే మాత్రం జారిపోతుంది, పాత దుప్పటి పరుచుకుని కత్తిరిస్తాను. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెప్పినట్టే అయింది, సరే.

కత్తెర విషయంలో మాత్రం ఇంకా యుద్ధమే. గుడ్డ కత్తెరతో పాలప్యాకెట్లు కొయ్యొద్దని గోడ మీద రాసి అంటించాను. మొన్న అట్టముక్కలు కోసింది మావాడు కాదు, వాళ్ళ నాన్న. సాన పెట్టించినా ఆ కత్తెర మునపటిలా లేదు, జార్జెట్టును నములుతోంది.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. లేచేటప్పుడు కాలిపట్టా పక్కనుండే కింది చక్రం మీదినుంచి బెల్టు తప్పించి లేవండి. పిల్లలు ఆ చక్రం తిప్పినా సూది కదలదు. వెనక్కి తిప్పి దారం చిక్కులు పడేసే బెడదా ఉండదు. విరిగిన సూది ముక్కలకూ, కిందపడ్డ గుండుసూదులకూ పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం నేల మీద ఒకసారి తిప్పితే చాలు. మీ వ్యాసంలో ఇలాంటివి ఒక్కటీ లేవు. రాసినవారు ఒంటరిగా ఉండి కుట్టుకుంటారేమో.

ఇక నేను అడగదలుచుకున్నది. మీ పేజీలో ఇకమీదట ఏది కుట్టమని వేసినా, ఎక్కడ ఆపొచ్చో కూడా వేయండి. వంటల పేజీలో వేస్తారు గదా, పిండి కలిపి రెండు గంటలు నాననివ్వాలని. దాన్ని చూసే మేం పని సర్దుకుంటాం. కుట్టుకు ఎందుకు వేయరు? లైనింగు గుడ్డ తడిపి ఆరేయడం ముందురోజు పని, దానికి మనిషి అక్కర్లేదు, ఎండ చాలు. లైనింగు జాకెట్టు కత్తిరించడానికి నాకు అరగంట పైన పడుతుంది, ఆ అరగంటలో లేవకూడదు. లేస్తే ఏమవుతుందో పైన రాశాను. కొలతలు గీసేదాకా ఒక పని, గీత మీద కత్తెర పెట్టడం ఇంకో పని, మధ్యలో కావాలంటే ఒక రాత్రి ఆగొచ్చు. నిజానికి ఆగితేనే మంచిది, పొద్దున్నే చూస్తే గీసిన తప్పులు కనపడతాయి. కుట్టడం మొదలుపెట్టాక ఒక్కొక్క అతుకు చివరా ఆగొచ్చు, అతుకు మధ్యలో ఆగకూడదు. జాకెట్టు మెడ చుట్టూ కుట్టు తిప్పడం మాత్రం ఒక్క ఊపులో అవ్వాలి, ఆపి మళ్ళీ మొదలుపెట్టినచోట మెడ ముడుచుకుంటుంది. హెమ్మింగూ హుక్కులూ కాజాలూ వేరే జాతి. అవి ఎక్కడైనా ఎప్పుడైనా. డాక్టరు దగ్గర టోకెను పట్టుకుని కూర్చున్నప్పుడు, స్కూలు మీటింగులో, పప్పు ఉడికేలోపు. పప్పు దగ్గరైతే పసుపు చేతులు చూసుకోవాలి.

ఇట్లా రాస్తే చదివే మనిషి తన రోజులో ఏ ముక్కకు ఏ పని సరిపోతుందో తనే చూసుకుంటుంది. సగంలో వదిలేసిన గుడ్డలు ట్రంకుపెట్టెలో తగ్గుతాయి. నా ట్రంకుపెట్టెలో సగం కుట్టినవి ఆరున్నాయి, అవి కాక పేరంటాల్లో ఇచ్చిన రవిక ముక్కలు నలభై పైన. (ఆ ముక్కలు ఎవరూ కుట్టించుకోరు. బొట్టుపెట్టి ఇస్తారు, పుచ్చుకున్నవాళ్ళు ఇంకొకరికి బొట్టుపెట్టి ఇస్తారు. ఒక ఎర్ర చుక్కల ముక్క నా చేతినుంచి పోయి రెండేళ్ళకు కందుకూరు చుట్టాల చేతుల మీదుగా నాకే తిరిగొచ్చింది. గుర్తుకోసం నేనే అంచులో నీలం దారం వేశాను కాబట్టి తెలిసింది. వాటితో గలీబులు కుట్టమని ఒక వ్యాసం వేయండి, ఊరంతా మిమ్మల్ని దీవిస్తారు.)

మీరు బొంత గురించి రాసిన పేరా మాత్రం బాగుంది. ఒక్కటి కలపాలి. బొంత ఎక్కడైనా ఆపగలిగిన కుట్టు. చిన్న చిన్న పోగుల కుట్టు వేసుకుంటూ పోయి, పిలిస్తే సూది గుడ్డలోనే గుచ్చి లేవొచ్చు. వారం తర్వాత వచ్చి అక్కడినుంచే అందుకోవచ్చు. మా అత్తయ్య ఆరుగురు పిల్లల్ని పెంచుతూ కుట్టిన పని అది ఒక్కటే అంటే నాకు ఇప్పుడు ఆశ్చర్యం లేదు. నేనూ సంక్రాంతి వెళ్ళాక ఒకటి మొదలుపెట్టాను. మా అమ్మ చీరలు రెండు, అత్తయ్యది ఒకటి, మూడూ ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు. ఇంకా సగం కూడా కాలేదు. దానికి తొందర లేదు. మిషను మీద మాత్రం ఇప్పుడు ఎదురింటావిడ ప్రిన్సెస్ కట్ జాకెట్టు ఉంది, రేపు సాయంత్రానికి ఇస్తానని చెప్పి ఇప్పటికే రెండు రేపులయ్యాయి.

ఉత్తరం వేస్తే ఊరి పేరు వేయండి, నా పేరు వేయకండి. పేరు వేస్తే ఆ పేపరు పట్టుకునే నలుగురు కొత్త గుడ్డలతో గేటు దగ్గరకొస్తారు. అత్తయ్య ఎంతమందికని చెప్తుంది?

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒంగోలు